నాకూ పాపాలున్నాయి

మా స్కూల్లో నా వీడ్కోలు సభ రోజున మాట్లాడినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు: "నోరులేని పిల్లలకు నోరైన టీచరమ్మ." శాలువా కప్పించుకుని వేదిక మీద కూర్చున్నాను కాబట్టి అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు శాలువా లేదు, సభా లేదు. చెప్తున్నాను. నేనెవరికీ నోరు కాలేదు. ఎవరికీ నోరు కాకూడదని తెలుసుకోవడానికే నాకు సగం ఉద్యోగం గడిచిపోయింది. మా పిల్లలకు చెవులు వినపడవు, అంతే. చెప్పవలసిందంతా వాళ్ళ చేతుల్లో ఉంటుంది. చూసే ఓపిక మనకుండాలి.

చిత్తూరులో సిస్టర్లు నడిపే ఒక బధిరుల పాఠశాలలో నేను పనిచేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు చంద్రగిరిలో మా ఇంటికి వచ్చి, శిక్షణ గురించి, పాఠ్యప్రణాళిక గురించి అడుగుతుంటారు. అవి మీకు నాకంటే బాగా తెలుసు. నాకు తెలిసింది జపమాల అనే ఒక పిల్ల. ఇప్పుడామె తిరుపతిలో సొంతంగా కుట్టుషాపు పెట్టుకుంది. ఇదంతా రాయనా అని వీడియో కాల్లో అడిగాను. "రాయి, పేరు మాత్రం మార్చకు" అంది. మార్చలేదు.

కతోలికులు కానివాళ్ళ కోసం ఒక ముక్క. చేసిన పాపాలను గురువు దగ్గర చెప్పుకుని క్షమాపణ పొందడాన్ని మేము పాపసంకీర్తనం అంటాం. గుడిలో ఒక మూల చిన్న చెక్క గది. లోపల గురువు కూర్చుంటాడు, బయట మనం మోకాళ్ళ మీద ఉంటాం, మధ్యలో చిన్న చిల్లులున్న చెక్క జాలీ. "ఫాదర్, నన్ను ఆశీర్వదించండి, నేను పాపం చేశాను" అని మొదలుపెట్టాలి. కిందటిసారి ఎప్పుడు చేశామో చెప్పాలి. ఆ తర్వాత పాపాలు. విన్నది గురువు చచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదు. ఆ మొదటి వాక్యం ఏ చిన్నపిల్లకైనా ఒక పూటలో వచ్చేస్తుంది. జపమాల దాన్ని చెప్పడానికి మా గుడి గురువు, స్కూలు నడిపే మదరు, నేను, అందరం తలకిందులు కావలసి వచ్చింది.

చేతులు కట్టుకోండి

నేను ఉద్యోగంలో చేరిన రోజున సిస్టర్ సుపీరియర్ నన్ను తరగతి గుమ్మం దగ్గర నిలబెట్టి పిల్లల్ని చూపించింది. ఆమెను అందరం మదర్ అనేవాళ్ళం. పిల్లలందరూ చేతులు కట్టుకుని కూర్చుని, బోర్డు ముందున్న సిస్టర్ పెదాల వైపు చూస్తున్నారు. "ఇక్కడ సైగలు నిషేధము. చేతులు కదిపితే నాలుక కదలదు" అంది మదర్. కేరళ నుంచి వచ్చి తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న మనిషి. అందుకే ఆమె మాటలు అచ్చులో ఉన్నట్టుండేవి.

ఆమెను చెడ్డమనిషి అనుకోకండి. గజ్జి పట్టిన పిల్లల్ని తన చేతులతో వేపాకు నీళ్ళు పోసి కడిగేది. హాస్టలు బియ్యానికి బజారు వీధిలో అంగడి అంగడికీ తిరిగేది. కానీ ఒక విషయంలో ఆమె తప్పు, ఆమెకు నేర్పినవాళ్ళు తప్పు, అప్పటి ఇన్‌స్పెక్టర్లు తప్పు. నా మీద నమ్మకం లేకపోతే అద్దం ముందు నిలబడి, గొంతు రాకుండా ఒకసారి "పాప" అనండి, తర్వాత "మామ" అనండి. పెదాలు ఒకేలా కదులుతాయి. మా పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాపకూ మామకూ తేడా వెతుక్కుంటూ చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. గంట కొట్టగానే బట్టలుతికే బండ దగ్గర, కుళాయి దగ్గర, మంచాల మీద వాళ్ళ చేతులు విడివడేవి. అప్పుడు చూడాలి వాళ్ళ మాటలు! వెక్కిరింపులు, అలకలు, కథలు, మా నడకల అనుకరణలు. నేను ఆ బండ దగ్గరే వాళ్ళ భాష నేర్చుకున్నాను. శిక్షణ కాలేజీలో కాదు.

ఊళ్ళోవాళ్ళు వాళ్ళను మూగోళ్ళు అనేవాళ్ళు, సర్కారు బధిరులు అనేది. వాళ్ళు తమను తాము డెఫ్ అనుకుంటారు. నేనూ అదే అంటాను.

అక్కడ ఏమిస్తారు?

జపమాలది పాకాల దగ్గర పల్లె. నాయన చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఆరోగ్యమ్మ మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి, మిగతా రోజుల్లో కూలికి పోయేది. ఇంట్లో వాళ్ళిద్దరి మధ్య ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టే సైగలు: తిను, రా, పండుకో, సిగ్గులేదా, కొడతా. మా స్కూలుకు వచ్చాకే ఆ పిల్లకు భాష అనేది దొరికింది. దొరికాక ఇక ఆగలేదు. ఎవరైనా అబద్ధం చెబితే మొహమ్మీదే చెప్పేసేది. టీచర్లనూ వదిలేది కాదు.

పై తరగతికి వచ్చిన ఏడాది, వేసవి సెలవులకు ఊరికి పోయి వచ్చిన తర్వాత జపమాల సత్ప్రసాదం, అంటే పూజలో గురువు ఇచ్చే అప్పం, తీసుకోవడం మానేసింది. పూజలో అందరూ లేచి ముందుకు పోతుంటే తను బెంచీ మీదే కూర్చుండిపోయేది. నేను గమనించి, బండ దగ్గర బట్టలు పిండుతూ అడిగాను.

"లోపల మురికిగా ఉంది" అంది. చేతులతోనే. "ఫాదర్‌కు చెప్పాలి."

తర్వాత ఇంకో మాట అడిగింది. చిన్నప్పటి నుంచి ఊరి గుడిలో అమ్మను చూస్తోందట. అమ్మ బిగుసుకుపోయిన మొహంతో ఆ జాలీ ముందు మోకరిల్లుతుందట. పెదాలు కదుపుతుందట. లేచి వచ్చేటప్పటికి మొహం మెత్తబడి ఉంటుందట.

"అక్కడ ఏమిస్తారు? మాకెందుకు ఇవ్వరు?"

నిజంగానే మా పిల్లలకు ఇచ్చేవాళ్ళు కాదు. మొదటి సత్ప్రసాదానికి ముందు వాళ్ళందరినీ వరుసగా నిలబెట్టి, ఫాదర్ ఒక్కసారి చెయ్యెత్తి దీవించేవాడు. అంతటితో సరి.

నేను ఫాదర్ ఇన్నయ్య దగ్గరికి వెళ్ళాను. మా విచారణ గురువు ఆయన. విచారణ అంటే ఆ చుట్టుపక్కల కతోలికులందరికీ కలిపి ఒక గుడి, ఒక గురువు. పెద్దాయన, గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది.

"ఏందమ్మా నువ్వు చెప్పేది? వాళ్ళు దేవుని బిడ్డలు. వాళ్ళకి పాపమనేదే అంటదు."

"పోయిన వారమే వాళ్ళలో ఇద్దరు నా టిఫిన్ డబ్బా కాజేసినారు, ఫాదర్."

నవ్వాడుగానీ ఒప్పుకోలేదు. గట్టిగా పట్టుబడితే రెండు దారులు చూపించాడు. కాగితం మీద రాసిమ్మన్నాడు. లేదా నేను పక్కన నిలబడి ఆమె సైగల్ని మాటల్లో చెప్పాలన్నాడు. మధ్యవర్తికి కూడా రహస్యం కాపాడే బాధ్యత ఉంటుంది, శ్రీసభ చట్టం, అంటే చర్చి చట్టం, ఒప్పుకుంటుంది అన్నాడు. అది నిజమే.

జపమాలకు చెప్పాను. కాగితం అనగానే తల అడ్డంగా ఊపింది. "చేతులు ఆగిపోతే మాట పోతుంది. కాగితం పోదు." నేను పక్కన ఉంటాననగానే నా వైపు చూపుడు వేలు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది.

"నువ్వు వద్దు."

నాకు చురుక్కుమంది. ఆ పిల్ల కోసం కొట్లాడుతున్నది నేను. ఆమెకు అక్షరాలు దిద్దించింది నేను. రెండు రోజులు ముభావంగా తిరిగాను. మీకూ ఎప్పుడో ఒకరోజు ఒక పిల్ల ఈ మాట అంటుంది. అన్నప్పుడు చురుక్కుమననివ్వండి, ఆ తర్వాత పక్కకు తప్పుకోండి. మా అమ్మ పాపసంకీర్తనం చేసేటప్పుడు పక్కన ఒక మనిషి ఎప్పుడూ లేడు. మీ అమ్మకూ లేడు. జపమాలకు మాత్రం ఎందుకుండాలి?

లేవని పిల్ల

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో శనివారం సాయంత్రాలు గుడిలో పాపసంకీర్తనానికి జనం వరుస కడతారు. ఆ శనివారం ఆరోగ్యమ్మ పులుసన్నం మూటతో కూతుర్ని చూడ్డానికి వచ్చి, తనూ గుడికి వచ్చింది. హాస్టలు పిల్లల్ని నేను వెనక బెంచీల్లో కూర్చోబెట్టాను. చూస్తుండగానే జపమాల లేచి వెళ్ళి వరుసలో కూర్చుంది. నేను ఆపలేదు. ఆపాలని అనిపించలేదు కూడా.

ఆమె వంతు వచ్చింది. జాలీ ముందు మోకరిల్లింది. లోపలి నుంచి ఫాదర్ ఎవరో చూసి, తెర పక్కకు తీసి, చెయ్యెత్తి దీవించి, ఇక పొమ్మన్నట్టు తల ఊపాడు. జపమాల కదల్లేదు. ఇంకోసారి దీవించాడు. కదల్లేదు. వెనక వరుసలో గుసగుసలు మొదలైనాయి. ముందు కూర్చున్న ముసలమ్మ ఒకామె లేచి నిలబడి గట్టిగానే అనేసింది.

"పాపం, మూగపిల్ల సామీ. ఆయమ్మికి ఏం పాపాలుంటాయి? గమ్మున దీవించి పంపీయండి. మాకు బస్సుకు పొద్దుపోతాండాది."

మన తెలుగులో పాపం అనే మాటకు రెండర్థాలు. జాలిపడటానికీ అదే మాట, తప్పు చేయడానికీ అదే మాట. ఆ పిల్లకు మొదటి పాపం అందరూ ధారాళంగా పెట్టారు. రెండోది మాత్రం ఆమెకు లేదు పొమ్మన్నారు. మా పిల్లల భాషలో ఇవి వేరువేరు. జాలి అంటే చెంప నిమిరినట్టు చూపిస్తారు. పాపం అంటే పిడికిలితో గుండె మీద మసి రుద్దినట్టు చూపిస్తారు. పుట్టినప్పటి నుంచి తన చెంప నిమిరేవాళ్ళను చూసి చూసి జపమాలకు విసుగొచ్చింది.

ఆరోగ్యమ్మ పరుగున వచ్చి కూతురి జబ్బ పట్టుకుంది.

"లెయ్ మే. నలుగురిలో నా మానం తీయబాక. లెయ్!"

జపమాల ఒళ్ళు బరువుచేసుకుని మడమల మీద కూర్చుండిపోయింది. ఫాదర్ చెక్క గది తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. మొహం జేవురించింది.

"టీచరమ్మా! ఈ పిల్లకేం కావాల్నో అడుగు."

అడగవలసిన పని లేదు. అయినా అడిగాను. జపమాల మోకాళ్ళ మీదే నిటారుగా లేచి, అందరికీ కనిపించేలా చేతులెత్తింది. ముందు పిడికిలితో తన గుండె మీద రుద్దింది. తర్వాత వరుసలో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ, ప్రతిసారీ అదే సైగ చేసింది. నేను గుడంతా వినపడేలా తెలుగులో చెప్పాను.

"నాకూ పాపాలున్నాయి. ఈమెకున్నట్టే, ఆయనకున్నట్టే. వీళ్ళవి వింటారు. నావి ఎందుకు వినరు?" ఆ తర్వాత, "ఇది ఆయమ్మి మాట, ఫాదర్. నాది కాదు" అన్నాను.

బస్సుకు తొందరపడిన ముసలమ్మే ముందుగా తేరుకుంది. కొంగు సర్దుకుని నేల మీద చతికిలబడింది.

"బస్సు పోతే పోయిందిలే. ముందు ఆ పాపది కానీయండి సామీ."

ఫాదర్ గొంతు తగ్గింది. "నాకు దాని భాష రాదు గదా తల్లీ" అన్నాడు.

నేను జపమాలకు చెప్పాను. ఆమె ఆయన వైపు సూటిగా చూసి ఒకే ఒక్క సైగ చేసింది. "నేర్చుకో." సైగల్లో నువ్వు, మీరు అనే తేడా లేదు. "నేర్చుకోండి" అని నేను చెప్పాను. ఆ "అండి" మాత్రం నా సొంతం.

గోడవైపు చూస్తే కనపడదు

మర్నాడు ఫాదర్ నన్ను తన బంగళాకు పిలిపించి తిట్టాడు. గుడిలో గలాటా చేయించానన్నాడు. మోకాళ్ళ నొప్పులతో, ఈ వయసులో చేతులు తిప్పడం నేర్చుకోమంటావా అన్నాడు. తిట్లన్నీ అయిపోయేదాకా నిలబడి విన్నాను.

"మీరు లాటిన్ నేర్చుకున్నారు గదా, ఫాదర్?"

"అవును. ఏడేండ్లు ప్రాణం తీసినారు."

"ఈ చుట్టుపక్కల లాటిన్ మాట్లాడేవాళ్ళు ఎవరన్నా ఉండారా?"

ఆయన కుర్చీలో పక్కకు తిరిగాడు.

"వీళ్ళు ఉండారు, ఫాదర్. మీ విచారణలోనే. వీళ్ళకి ఇంకో భాష లేదు."

తలుపు చూపించాడు. వచ్చేశాను. ఆ వారం మధ్యలో ఒకరోజు పొద్దున పూజ అయ్యాక, వంటమనిషితో కబురంపాడు. వెళితే వరండాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. "ఊ, మొదలుపెట్టు" అన్నాడు. పొగరున్న మనిషే, కానీ మాట తగిలితే నిలబడగల మనిషి. అలాంటివాళ్ళు నాకు ఎక్కువమంది ఎదురుపడలేదు.

రోజూ పూజ అయ్యాక నేర్పేదాన్ని. జపమాల, ఇంకొందరు పెద్దపిల్లలు కూడా వచ్చేవాళ్ళు. ఆయన వేళ్ళు కణుపుల దగ్గర వాచి ఉండేవి, వంగేవి కావు. ఒక సైగ చేయబోతే ఇంకొకటి అయ్యేది, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. డెఫ్ వాళ్ళు ప్రతి మనిషికీ ఒక సైగపేరు పెట్టుకుంటారు. "మరి నా పేరేంది?" అని ఒకరోజు అడిగాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జపమాలే ధైర్యం చేసి, రెండు వేళ్ళతో తన కనుబొమల్ని ముడివేసి చూపించింది. అది చూసి ఆయన సరిగ్గా అలాగే కనుబొమలు ముడివేశాడు. నవ్వు ఆపుకోవడం ఎవరివల్లా కాలేదు. చివరికి ఆయనా నవ్వాడు.

పాపాల దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు వచ్చింది. ఏ పాపానికి సైగ నేర్పితే, ఆ పాపమే జపమాల చేసి ఉంటుందని ఆయన అనుకోవచ్చు. ఆ చిక్కు ముందుగా పట్టుకున్నది ఆయనే. "ఆ పిల్ల ఏం చెప్పబోతాండాదో ఊహించుకునేదానికి నాకు సందు ఇయ్యబాక. ఉండే పాపాలన్నీ నేర్పు" అన్నాడు. అన్నీ నేర్పాను. దొంగతనం, అబద్ధం, అసూయ, కొట్టడం, తిట్టుకోవడం, చెడు కోరుకోవడం. కొన్నింటిని పిల్లల్ని పంపించేసి నేర్పవలసి వచ్చింది. వాటికొచ్చేసరికి నేనూ ఫాదరూ ఇద్దరం సిగ్గుతో గోడవైపు చూశాం. గోడవైపు చూస్తే సైగ కనపడదు. మళ్ళీ ఒకరి వైపు ఒకరు తిరగక తప్పలేదు.

అసలు కష్టం ఆ చూడటం దగ్గరే ఉంది. సాధన కోసం జపమాల ఏదో ఉత్తుత్తి పాపం చెప్పడం మొదలుపెట్టగానే, ఆయన అలవాటు కొద్దీ చెంపకు చెయ్యి ఆనించి, కళ్ళు దించేవాడు. ఆయన కళ్ళు దించిన ప్రతిసారీ ఆమె చేతులు ఒళ్ళో పెట్టేసుకునేది.

"పాపం చెప్పేవాళ్ళ మొహం చూడకూడదని మాకు సెమినరీలో నేర్పినారమ్మా" అన్నాడు నాతో. "చూస్తే సిగ్గుతో వాళ్ళ గొంతు పడిపోతాది. ఇన్నేండ్లు నేను ఎవురి మొహమూ చూసింది లే."

"ఈమెకు మీరు చూడకపోతేనే గొంతు పడిపోతాది, ఫాదర్."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆ రోజు నుంచి కళ్ళు దించలేదు.

ఎలా మొదలుపెట్టాలో జపమాలే తయారుచేసుకుంది. మెడ దగ్గర గురువుల కాలరును గీసినట్టు ఒక సైగ, అంటే ఫాదర్. తన నెత్తి మీద తన అరచెయ్యి, అంటే ఆశీర్వదించండి. గుండె మీద పిడికిలి. అంతే, వాక్యం పూర్తయింది. అయితే అంతకంటే ముందు ఆయన చూపు తన మీద నిలవాలి. నిలిచిందని ఆయన తల ఊపాలి. అప్పటిదాకా ఆమె చేతులు పైకి లేవవు.

వీపు అద్దం వైపు

ఎక్కడ చేయాలన్నది ఇంకో గొడవ. చెక్క గదిలో చీకటి, మధ్యలో జాలీ. బయట కూర్చుంటే మా పిల్లలు మైదానం ఆ చివర నుంచి ఈ చివరికి మాట్లాడుకోగలరు, గుడిలో ఏ మూల ఉన్నా అక్షరం పోకుండా చదివేస్తారు. డెఫ్ మనిషికి బహిరంగంగా పాపసంకీర్తనం చేయించడమంటే మైకులో చెప్పించడమే.

గురువు పూజవస్త్రాలు వేసుకునే గదిని ఎంచుకున్నాం. మూసిన గదిలో ఒక మగమనిషి, ఒక ఆడపిల్ల ఉంటే ఎవరైనా ప్రశ్నించాలి. నేనూ ప్రశ్నించాను, ఫాదర్ మొహమ్మీదే. ఆయన నొచ్చుకోలేదు. ఆ గది తలుపుకు పైసగం అద్దం ఉంది. జపమాల వీపు అద్దం వైపు, ఫాదర్ మొహం అద్దం వైపు ఉండేలా కుర్చీలు వేశాం. బయటివాళ్ళకు ఆయన కనిపిస్తాడు, ఆమె వీపు కనిపిస్తుంది, ఆమె చేతులు కనిపించవు. మీకెప్పుడైనా అవసరమైతే కుర్చీలు ఇలాగే వేయండి.

ఆ రోజు నేను మిగతా పిల్లల్ని గుడి మెట్ల మీద రోడ్డు వైపు తిప్పి కూర్చోబెట్టి, నేనూ అటే తిరిగి కూర్చున్నాను. గుడి లోపల, ఆ తలుపు అద్దానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి కాబట్టి, కూతుర్ని చూడ్డానికి వచ్చిన ఆరోగ్యమ్మను బెంచీ మీద కూర్చోమన్నాను. ఆమెకు సైగలు రావు. కూతురి వీపునూ ఫాదర్ మొహాన్నీ చూస్తూ కూర్చుంది.

చాలాసేపు పట్టింది. చెవులున్నవాళ్ళ పాపసంకీర్తనాలు కొన్ని అరటిపండు తిన్నంతలో అయిపోతాయి. ఇది అలా అవలేదు. తలుపు చప్పుడయింది. జపమాల బయటికి వచ్చి, మా మధ్యలోంచి దిగి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని, పిల్లలతో కలిసి హాస్టలుకు నడిచింది. మరుసటి ఆదివారం లేచి వెళ్ళి సత్ప్రసాదం తీసుకుంది.

ఆమె ఏం చెప్పిందని ఇప్పటికీ అడుగుతారు. కొందరు ఊహించి మరీ చెప్తారు. నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు. ఒక డెఫ్ పిల్లకు తనదంటూ ఒక రహస్యం ఉంటే, ఊరంతా దాన్ని విప్పి చూడటానికి హక్కున్నట్టు మాట్లాడుతుంది. ఆ హక్కు ఎవరికీ లేదు. టీచర్లకు అసలే లేదు.

పశ్చాత్తాపం లేదు

మదర్ ఇన్నాళ్ళూ ఓపిక పట్టింది. గుడిలో జరిగింది విచారణ పెద్దలు ఆమెకు చేరవేశారు. ఫాదర్ చేత కోతిచేష్టలు చేయిస్తున్నానని కూడా కలిపి చెప్పారు. ఆఫీసు గదికి పిలిచింది.

"సైగలు నిషేధమని నీకు తెలియును. తెలిసియే చేసితివి. సిస్టర్లందరి ఎదుట క్షమాపణ చెప్పుము. ఇంతటితో మరచిపోవుదము."

ఆమె నిజంగానే మరచిపోయేది. ఒక్క మాటతో అయిపోయేది. నాకు ఇద్దరు పిల్లలు, మా ఆయన సంపాదన అంతంతమాత్రం. నేను కాసేపు ఆలోచించిన మాట నిజమే.

"మదర్, నేను పిల్లలకు జ్ఞానోపదేశం చెప్తాను. చేసినదానికి పశ్చాత్తాపం లేకుండా నోటితో ఒప్పుకుంటే అది పాపసంకీర్తనం కాదని నేనే నేర్పించినాను. నాకు పశ్చాత్తాపం లేదు."

"లేదా?"

"లేదు మదర్. మళ్ళీ చేస్తాను."

ఆమె నా ఉద్యోగం తీసేయలేదు. జ్ఞానోపదేశం క్లాసూ, తెలుగు క్లాసూ తీసేసి, నన్ను కుట్టుపని సెక్షనుకు పంపించింది. శిక్ష అనుకునే పంపించింది. అక్కడ పెదాల పాఠాలు లేవు, చేతులు కట్టుకుంటే గుడ్డ కుట్టలేరు. పిల్లలు రోజంతా మాట్లాడుకునేవాళ్ళు. నా ఉద్యోగంలో అంత మంచి ఏళ్ళు ఇంకెప్పుడూ లేవు.

ఫాదర్ ఇన్నయ్యకు బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన మళ్ళీ పిల్లల్ని వరుసగా నిలబెట్టి, ఒకేసారి దీవిస్తానన్నాడు. ఆ శనివారం వరుసలో సగం మంది డెఫ్ వాళ్ళే కూర్చున్నారు. పెళ్ళయి పిల్లలున్న పాత విద్యార్థులు సత్యవేడు నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. నేను వెళ్ళలేదు, వాళ్ళు నన్ను పిలవనూ లేదు. కొత్త ఫాదర్ తొందరగానే నేర్చుకున్నాడని తర్వాత విన్నాను.

ఈ రోజుల్లో సైగల భాషను అందరూ మెచ్చుకుంటున్నారు. దాన్ని నిషేధించిన కాలంలో నోరు మెదపని పెద్దమనుషులు ఇప్పుడు వేదికలెక్కి, దాని గొప్పతనం గురించి ఉపన్యాసాలిస్తున్నారు. ఇవ్వనివ్వండి. మీరు మాత్రం వాళ్ళ చప్పట్ల కోసం ఈ పనిలోకి రావద్దు. పిల్లల మీద జాలితోనూ రావద్దు. జాలిపడేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఆ పిల్లలు తప్పులు చేయగలరని, అబద్ధాలాడగలరని, మిమ్మల్ని వద్దనగలరని ఒప్పుకునేవాళ్ళు రండి.

ఆరోగ్యమ్మ

స్కూలు అయిపోయాక జపమాల మా కుట్టుపని సెక్షనులోనే సహాయకురాలిగా ఉండేది. మామిడికాయల కాలం ముగిసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆరోగ్యమ్మ వచ్చింది. అరచేతులు మామిడి జీడికి నల్లగా మచ్చలు కట్టి ఉన్నాయి. కూతురు లోపల మిషన్ దగ్గర ఉందని చెప్పాను. ఆమె లోపలికి పోకుండా గుమ్మం బయటే నా పక్కన కూర్చుంది.

"ఆ దినం గుడిలో నా బిడ్డ ఏం చెప్పిందో మీకు తెలుసునా టీచరమ్మా?"

"తెలీదు ఆరోగ్యమ్మా. తెలిసినా చెప్పేదాన్ని కాదు."

"అదడగను రాలేదులెండి." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "ఆ దినం అద్దంలోంచి ఆ సామి మొహాన్నే చూస్తా కూచోనుంటిని. కన్ను తిప్పకుండా నా బిడ్డనే చూస్తా ఉన్నాడు. మధ్యలో ఒకతూరి కండ్లు తుడుచుకున్నాడు, మళ్ళా చూసినాడు. కన్నదాన్ని నేను. ఎప్పుడన్నా దాని మొహంలోకి అంతసేపు చూసినానా? తిన్నావా, పండుకో, అంతే. చేతులు తిప్పితే నలుగురూ నవ్వుతారని చేతుల మీద కొట్టినాను. వాతలు కూడా పెట్టినాను, టీచరమ్మా."

ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"దానికి నేనొకటి చెప్పుకోవల్ల. నాకు ఆ మాటలు రావు. ఎట్ల మొదలుపెట్టల్ల?"

సైగలు నేర్పబోయి ఆగాను. నేను మధ్యలో ఉండి చెప్పనా అని అడగబోయి, అదీ ఆపుకున్నాను.

"ఎదురుగా కూర్చో. ఆయమ్మి నీ వైపు చూసేదాకా ఉండు. కండ్లు దించబాక. ఆ తర్వాత నీ చేతులకు ఏం తోస్తే అది చెయ్యి. ఆయమ్మికి అర్థమవతాది."

ఆరోగ్యమ్మ లేచి, చేతులు చీరకు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. మిషన్ ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. కుడుతున్న రవికె మీద నుంచి జపమాల తలెత్తింది. ఏంటి అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. అమ్మ కదల్లేదు, కళ్ళు దించలేదు. జపమాల పెడల్ మీద నుంచి కాళ్ళు తీసేసింది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నన్నడగకండి. నేను లేచి, పనుందని చెప్పి మిగతా పిల్లల్నందరినీ బయటికి తీసుకెళ్ళిపోయాను.